సామానుకు సరే, పనికే బేరం

ఇంజను మీది అల్యూమినియం హెడ్డులో ఒక మర పోయిందంటే హెడ్డు పోయినట్టు కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పేపరుకెక్కాలా అంటారేమో. ఎక్కాల్సిందే. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేతు షాపు నడుపుతాను. నా గుమ్మం తొక్కేవాళ్లలో చాలామంది అప్పటికే తీర్పు విని వస్తారు. "హెడ్డు మార్చాల్సిందే అంటున్నారండీ, మీరేమన్నా చూస్తారేమోనని..." అంటూ నసుగుతారు. చూస్తాను. చేశాక ఆ రంధ్రం కంపెనీవాడు వేసినదానికన్నా గట్టిగా ఉంటుందని కూడా చెబుతాను. అక్కడిదాకా అందరికీ సంతోషమే. ఎంతవుతుందో చెప్పగానే మొహాలు మారిపోతాయి.

నా జేబు కోసం రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను, అందులో కొంత నిజముంది. మిగతా నిజం ఏమిటంటే, మనకు సామాను కొనడం అలవాటైంది గానీ పని కొనడం అలవాటు కాలేదు. ఎనిమిది వేల సామాను బిల్లుకు తలూపే మనిషే ఎనిమిది వందల కూలి దగ్గర గంటసేపు నిలబడి బేరమాడతాడు. బాగుపడే హెడ్లు పాతసామాన్ల కొట్టుకు వెళుతున్నాయంటే ఆ బేరం వల్లే.

మొన్న వేసవిలో తెనాలి నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు గారు తన ఫియట్ హెడ్డును గోనెసంచిలో చుట్టి ఆటోలో వేసుకొచ్చారు. రికార్డుల్లో ఆ కారు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100 నమూనా మీద బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. 1964లో 1100 డిలైట్‌గా వచ్చిన బండికే 1974లో పద్మిని అని పేరు పెట్టారు. 2001 నాటికి తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నలుపు-పసుపు టాక్సీగా తిరిగిన చివరి పద్మిని కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. బ్లాకు పోత ఇనుముదే గానీ, పైనుండే హెడ్డు అల్యూమినియంది. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుముది కాబట్టి మోటు చేతులకు తట్టుకుంది. ఫియట్ హెడ్డుకు అంత ఓపిక లేదు.

ఈయన హెడ్డులో మూడో సిలిండరు స్పార్కు ప్లగ్గు రంధ్రం నున్నగా ఉంది. లోపల మర ఆనవాళ్లు ఒకటి రెండు చోట్ల గీతల్లా మిగిలాయంతే. అంతకుముందు ఎవరో పుణ్యాత్ముడు ప్లగ్గుకు రాగితీగ పోగు ఒకటి చుట్టి బిగించాడట. కొన్నాళ్లు ఆగింది. తర్వాత ఒకరోజు వారధి దిగుతుండగా ప్లగ్గు ఊడి, లోపలి నుంచి బానెట్టును గుద్దింది. చూసిన ఇద్దరు మెకానిక్కులూ ఒకటే మాట: కొత్త హెడ్డు దొరకదు, బొంబాయి స్క్రాపులో పాతది వెతికించాలి. పద్మిని పుట్టిన కుర్లాలోనే పాత కార్ల విడిభాగాల సంత కూడా ఉంది, అక్కడ దొరకొచ్చు. కానీ అక్కడి నుంచి వచ్చే హెడ్డు ఏ టాక్సీలో ఎన్నేళ్లు కాగిందో, దాని ప్లగ్గు రంధ్రాలు ఎన్ని చేతులు మారాయో ఎవరు చెబుతారు? ఒక రోగం తెలిసిన హెడ్డును పారేసి, ఏ రోగమో తెలియని హెడ్డు తెచ్చుకోవడం అన్నమాట.

అసలు మర ఎందుకు పోతుందో కాస్త చెప్పాలి. బోల్టు ఉక్కుది, రంధ్రం అల్యూమినియంది. రెండూ పెనుగులాడితే మెత్తనిదే ఓడిపోతుంది. అందుకే ఉక్కులోకి దిగే బోల్టుకు దాని మందమంత లోతు మర చాలు గానీ, అల్యూమినియంలో ఒకటిన్నర, రెండింతలు కావాలి. పైగా, ఉన్న చుట్లన్నీ బరువును సమానంగా మోయవు. మొదటి రెండు మూడు చుట్ల మీదే ఎక్కువ భారం పడుతుంది. వెనకున్నవి పల్లకీకి చెయ్యి ఆనించి ఊరికే నడిచేవాళ్లే. ముందువి తెగగానే భారం తర్వాతి చుట్ల మీద పడుతుంది, అవీ తెగుతాయి. చివరికి బోల్టు బయటికి వచ్చేసరికి దాని మర సందుల్లో అల్యూమినియం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. మా కుర్రాళ్లు దాన్ని గోటితో లాగి చూపిస్తారు, ఆ రంధ్రం పని అయిపోయిందని.

దీనికి వేడి తోడవుతుంది. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఇంజను కాగిన ప్రతిసారీ హెడ్డు ఉబ్బుతుంది, బోల్టు అంత ఉబ్బదు, మర మీద లాగుడు పెరుగుతుంది. చల్లారితే సడలుతుంది. నీళ్లు తగిలే చోట మరో తంటా ఉంది. ఉక్కు, అల్యూమినియం తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి పడుతుంది. పొడి కదా అని తీసిపారేయకండి. మనం గరుకు కాగితం అని కొనే వాటిలో చాలావాటి మీద అతికించేది అల్యూమినియం ఆక్సైడే. థర్మోస్టాట్ మూత బోల్టు చుట్టూ అలాంటి పొడి పట్టి ఉంటే, దాన్ని పానాతో ఒక్క గుంజు గుంజినవాడు బోల్టును తీయడం లేదు, రంధ్రాన్ని అరగదీస్తున్నాడు. చమురు పోసి ఒక రాత్రి వదిలేసి, హెడ్డు కాస్త వేడిచేసి, అటూ ఇటూ ఆడించి తీయాలి.

ప్లగ్గు సంగతి వేరు. అక్కడ మర పోయేది ముఖ్యంగా మూడు కారణాల వల్ల. ఇంజను వేడిగా ఉండగానే ప్లగ్గు విప్పడం ఒకటి. కొలత తక్కువ ప్లగ్గు వేస్తే రంధ్రం అడుగున ఖాళీగా మిగిలిన మరకు మసి గట్టిగా పట్టేస్తుంది, తర్వాత సరైన కొలత ప్లగ్గు దించితే ఆ మసి దగ్గర పట్టేసి మరను చీరుకుంటూ పోతుంది. మూడోదీ, అన్నిటికన్నా ఎక్కువగా చూసేదీ, అతిగా బిగించడం. 14 మిల్లీమీటర్ల ప్లగ్గు అల్యూమినియం హెడ్డులో సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువు దాటకూడదు. పాత లెక్కలో రెండున్నర నుంచి మూడు కిలోల మీటరు. టార్క్ రెంచ్ లేకపోతే, కొత్త ప్లగ్గును చేత్తో ఆగేదాకా తిప్పి, వాషరు నలిగేలా పానాతో ఇంకో అర చుట్టు, మహా అయితే అర చుట్టు మీద కాస్త. అంతే. మా వాడలో ఒక అలవాటుంది. బిగించడం అయిపోయాక, "ఇంకో పట్టు పట్టరా" అంటారు. ఆ ఇంకో పట్టే నాకు తిండి పెడుతోంది.

చిన్న బోల్టుల దగ్గర ఇది మరీ తేలిక. 6 మిల్లీమీటర్ల బోల్టుకు అల్యూమినియంలో ఒక కిలో మీటరు అంటే చాలా ఎక్కువే. దానికి పట్టే 10 నంబరు పానా సుమారు 14 సెంటీమీటర్లు ఉంటుంది. చివర పట్టుకుని పది కిలోల బలంతో లాగితే ఒకటిన్నర కిలోల మీటరుకు దగ్గర పడుతుంది. పది కిలోల బలమంటే నీళ్ల బకెట్టు ఎత్తినంత, పదహారేళ్ల కుర్రాడికి అది బలమే కాదు. ఇక పానాకు పైపు తొడిగేవాళ్ల గురించి మాట్లాడను.

ఇంకో చోద్యం మన దగ్గర ప్రత్యేకంగా ఉంటుంది. పాత షెడ్లలో బోల్టుల డబ్బా ఒకటే. అందులో అంబాసిడర్ బోల్టులు అంగుళాలవి, ఫియట్ బోల్టులు మిల్లీమీటర్లవి. అంగుళంలో పదహారింట అయిదు వంతులు అంటే 7.94 మిల్లీమీటర్లు, చూడ్డానికి 8 మిల్లీమీటర్ల బోల్టే. కానీ ఆ అంబాసిడర్ బోల్టుకు అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.06 మిల్లీమీటర్లు. ఫియట్‌లో 1.25. ఒక చుట్టు, రెండు చుట్లు హాయిగా వెళుతుంది, తర్వాత బిగుస్తుంది. బోల్టు కూర్చుందనుకుని పానా వేస్తారు. అది కూర్చోలేదు, తన దారి తాను కోసుకుంటోంది. మర గేజి అనే చిన్న సాధనంతో క్షణంలో తేలిపోయే విషయం ఇది. ఆ గేజి కొనేవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు కూడా దాన్ని ఇనప్పెట్టెలో భద్రంగా దాస్తారు.

మర పోయాక చేసే చిట్కాలకు మన దగ్గర లోటు లేదు. రాగితీగ చూశాం. టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు, ఎం-సీల్ ముద్ద నింపి బోల్టు గుచ్చేవాళ్లున్నారు. ఆ ముద్ద కుళాయి దగ్గర మంచిదే, ఇంజను దగ్గర దానికేం పని? ఆర్గాన్ వెల్డింగుతో రంధ్రం పూడ్చి మళ్లీ కొట్టడం కూడా ఒక పద్ధతే గానీ, ఏళ్ల తరబడి నూనె పీల్చిన పాత పోతలో అది కుదరడం కష్టం. కుదిరినా ఆ వేడికి హెడ్డు వంకర పోవచ్చు. ఒక సైజు పెద్ద బోల్టు వేయడం మాత్రం నేను అన్నిచోట్లా తప్పనను. రాకర్ కవరులాంటి చోట, చుట్టూ లోహం మందంగా ఉంటే ఫర్వాలేదు. కానీ ఆ మెత్తటి లోహంలోనే మళ్లీ మర, పైగా పెద్ద పానా పడుతుంది కాబట్టి మరింత బలంగా లాగుతారు. ఇంకోసారి పోతే ఆ పైసైజు ఎక్కడ తెస్తారు?

సరైన పని రెండు రకాలు. బోల్టులకైతే హెలికాయిల్. స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టిన చిన్న వస్తువు. ఆ తీగ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. వెలుపలి వైపు హెడ్డులో కొట్టిన కొత్త మరలో కూర్చుంటుంది, లోపలి వైపు మీ పాత బోల్టుకు మర అవుతుంది. బోల్టు సైజు మారదు. బరువు ఉక్కు తీగ మీద పడి, అక్కడి నుంచి మునుపటికన్నా పెద్ద రంధ్రం గోడకంతా పరుచుకుంటుంది. గట్టిగా ఉంటుందని నేను చెప్పేది అందుకే. దీన్ని అతుకుల పని అనుకునేవాళ్లకు ఒక మాట: రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ విమానాల్లో అల్యూమినియం భాగాలకు కొత్తగా ఉన్నప్పుడే ఇలాంటి కాయిల్స్ వేస్తున్నారు. పోయాక కాదు, పోకుండా.

ఎలా వేస్తారో కాస్త దగ్గరగా చూడండి, కూలి ఎందుకో తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు రంధ్రాన్ని 8.3కు పెంచాలి. చేతి డ్రిల్లుతో కాదు. హెడ్డును డ్రిల్లింగ్ మెషిన్ బల్ల మీద మట్టం చూసి బిగించి, ముందు పాత రంధ్రంలో సూటిగా దిగే కడ్డీ ఒకటి పెట్టి నడుమ కలుపుకోవాలి. ఇలా నడుమ కలపడానికి పట్టే సమయంలో పదో వంతు కూడా డ్రిల్లు వేయడానికి పట్టదు. అల్యూమినియం డ్రిల్లు అంచుకు అతుక్కుంటుంది కాబట్టి కిరసనాయిలు చుక్కలు వేస్తూ ఉండాలి. ఈ రోజుల్లో అది దొరకడమే గగనం. తర్వాత ట్యాపు. ఇది మామూలు 8 మిల్లీమీటర్ల ట్యాపు కాదు, కాయిల్ కోసం కొంచెం పెద్దదిగా చేసినది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు పొట్టు తెగిన చిన్న శబ్దం వస్తుంది, అది రాకుండా ముందుకు వెళితే ట్యాపు లోపలే విరుగుతుంది. అల్యూమినియం హెడ్డులో విరిగిన ఉక్కు ట్యాపు తీయడం కన్నా పెద్ద శిక్ష మా వృత్తిలో లేదు.

మర పడ్డాక పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, కాయిల్‌ను దాని కడ్డీకి తగిలించి తిప్పుతూ దించాలి. పైచుట్టు హెడ్డు ముఖానికి పావు నుంచి అర చుట్టు కిందికి దిగి ఆగాలి. పైకి తేలితే గాస్కెట్ కూర్చోదు. చివర కాయిల్‌కు అడ్డంగా ఒక చిన్న తోక ఉంటుంది, తిప్పడానికి పట్టు దానిదే. దాన్ని సన్నటి పంచ్‌తో ఒక్క దెబ్బతో విరగ్గొట్టి బయటికి తీయాలి. మా షాపులో ఒక రూలు పెట్టాను. విరిచిన తోకలన్నీ డబ్బా మూతలో వేయాలి, ఎన్ని కాయిల్స్ వేస్తే అన్ని తోకలు లెక్క తేలాలి. తేలకపోతే హెడ్డు గుమ్మం దాటదు. ఆ ముక్క సిలిండరులో పడితే ఏమవుతుందో పిస్టన్ చెబుతుంది.

ప్లగ్గు రంధ్రానికి మాత్రం నేను కాయిల్ వేయను. వేసేవాళ్లున్నారు, బాగానే నడిచేవీ ఉన్నాయి. నా అనుభవంలో మసి పట్టాక ప్లగ్గుతో పాటు కాయిల్ కూడా తిరిగి బయటికి వచ్చే అవకాశం ఉంది. నాకు బుష్ మీదే నమ్మకం. తెనాలి వారి హెడ్డుకు చుట్టూ లోహం మందం కొలిచి, రంధ్రం 16.5కు పెంచి, 18 మిల్లీమీటర్ల మర కొట్టాను. గన్‌మెటల్ కడ్డీ లేతు మీద పెట్టి, బయట 18 మర, లోపల ప్లగ్గుకు 14 మర, పైన సన్నటి కాలరు తీశాను. గన్‌మెటలే ఎందుకంటే వేడికి సాగడంలో అది ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్యన ఉంటుంది, ప్లగ్గు వేడిని హెడ్డుకు బాగా దాటిస్తుంది. హెడ్డును వేడిచేసి బుష్ దించి, కాలరు పక్కన రెండు చోట్ల పంచ్ వేసి, చల్లారాక ప్లగ్గు వాషరు కూర్చునే ముఖాన్ని మళ్లీ ఒకసారి తేటగా కోశాను. లోపలి వైపు బుష్ అంచు దహనగది గోడకు సమంగా ఉండాలి. పొడుచుకు వస్తే అది నిప్పుకణికలా ఎర్రబడి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటిస్తుంది.

ఇక బేరం. ఆయన మర్యాదస్తుడు, మాట మెత్తన. పాత హెడ్డుకూ, లారీ కిరాయికీ కలిపి పదిహేను వేలు సిద్ధం చేసుకుని వచ్చిన మనిషి. నేను పన్నెండు వందలు అన్నాను.

"ఇంత ముక్కకా మేస్త్రీ? ఇందులో సామాను ఎంతుంటుంది?"

"గన్‌మెటల్ ముక్క నూట ఏభై ఉంటుందండి."

"మరి మిగతాది?"

"మిగతాది నేనండి."

నవ్వి ఇచ్చేశారు. అందరూ నవ్వరు. కాయిల్ ఖరీదు ఫోనులో వెతికి నా మొహం మీద పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. చిన్న బోల్టు కాయిల్ ముప్పై రూపాయల వస్తువే, నేను దాచలేదు. ఆ ముప్పై రూపాయల వస్తువును సూటిగా దించే చెయ్యి తయారు కావడానికి ఏళ్లు పట్టింది, దానికి ధర రాసే యాప్ ఇంకా రాలేదు.

ఈ బేరం వల్ల ఏమవుతుందో చూడండి. షెడ్డు మెకానిక్కుకు పనికి డబ్బులు రావని తెలుసు. ఇల్లు గడవాలి. అందుకని సామాను మీద మిగిలే కమీషన్ మీద బతుకుతాడు. హెడ్డు మారిస్తే అతనికి రెండు వేలు మిగులుతాయి, మర వేయించుకు రమ్మని నా దగ్గరికి పంపితే ఏమీ మిగలదు, పైగా రెండుసార్లు తిరగాలి. అతను హెడ్డు మార్చమనే చెబుతాడు. దాన్ని మోసం అని నేను అనను. మనం కూలి ఇవ్వం అని చెప్పాం, అతను వేరే దారిలో తీసుకున్నాడు. పెద్ద షోరూముల్లోనూ కథ ఇదే, కాకపోతే ఏసీ గదిలో జరుగుతుంది. వాళ్ల కంప్యూటరులో ప్రతి విడిభాగానికీ నంబరు ఉంటుంది, మర వేయడానికి నంబరు ఉండదు.

ఇదంతా పాత ఫియట్లు దాచుకున్న కొద్దిమంది గొడవ అనుకోకండి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 నుంచీ మనం అల్యూమినియం హెడ్ల మీదే తిరుగుతున్నాం. ఇప్పటి కార్లలో హెడ్డే కాదు, చాలావాటికి బ్లాకు కూడా అదే. మీ స్కూటరు, మోటారుసైకిలు ఇంజను పెంకు అదే. ఆయిల్ మార్చినప్పుడల్లా విప్పి బిగించే డ్రెయిన్ బోల్టు చూడండి, నా దగ్గరికి వచ్చే వాటిలో మొదటి స్థానం దానిదే. ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఇంకా బిగిస్తారు, కారేది వాషరు నలిగిపోవడం వల్ల. కొత్త వాషరు వేస్తే పోయేదానికి మొత్తం ఆయిల్ చాంబరు మార్పిస్తారు.

ప్రభుత్వం మాటా ఒకటి చెప్పుకోవాలి. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాను, వాహనాలు అందులో ఉన్నాయి. మాన్యువల్, విడిభాగం, సర్వీసు సెంటరు వివరాలు వినియోగదారుడికి అందాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ హక్కు కాగితం మీద ఇచ్చి, చేసే చెయ్యి లేకపోతే ఏం లాభం? ఐటీఐలో టర్నర్ కోర్సూ, మోటారు మెకానిక్ కోర్సూ రెండేసి ఏళ్లు. అక్కడ మర కోయడం నేర్పుతారు. నేర్చుకుని వచ్చిన కుర్రాడు ఆటోనగర్‌లో మొదటి జీతం విని, బైకెక్కి ఇళ్లకు భోజనం పార్సిళ్లు అందించే పనిలో చేరుతున్నాడు. అతన్ని తప్పుపట్టే మొహం మనకు లేదు. ఎనిమిది వందలకు బేరమాడింది మనమే.

పాత బండ్ల విషయంలో ఒక కొత్త లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లను, ద్విచక్ర వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు. 1974 పద్మినీలు ఇప్పుడు ఆ వయసుకు వచ్చాయి. ఫీజు కట్టే యజమాని దాచుకునేది ఆ బండితో పాటు పుట్టిన హెడ్డును. దాన్ని తీసేసి ఇంకో బండిది పెట్టించుకోవడం కన్నా, నాలుగు కాయిల్స్, ఒక బుష్ వేయించుకోవడంలో ఎంత తెలివి ఉందో వేరే చెప్పాలా?

హెడ్డు మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. వాల్వు సీట్ల మధ్య చీలిక పడితే, ప్లగ్గు రంధ్రం నుంచి సీటు దాకా బీట కనబడితే, నీళ్ల దారులు తినేసుకుపోయి గోడ పల్చబడితే నేనే వద్దంటాను. ఎవరో వంకరగా డ్రిల్లు వేసి పాడుచేసిన రంధ్రాలు కొన్ని వస్తాయి, కొత్త మర వేయబోతే నీళ్ల దారిలోకి పడుతుంది. అవి నా వల్ల కావు. అటువంటివి తెచ్చినవాళ్ల దగ్గర చూసినందుకు డబ్బులు తీసుకోను, టీ ఇప్పించి పంపుతాను. కాకపోతే అలా పంపేవి కొద్దే. మిగిలినవన్నీ బాగుపడేవి.

నేను కోరేది పెద్దదేం కాదు. ఎవరైనా మీతో హెడ్డు మార్చాలి, చాంబరు మార్చాలి అంటే, మర వేస్తే సరిపోతుందా అని ఒక్క మాట అడగండి. పాత భాగాన్ని మీ కళ్లతో చూడండి. సరిపోతుందని చెప్పిన మెకానిక్కుకు, అలా చెప్పినందుకు విడిగా ఓ రెండు వందలు ఇవ్వండి. ఆయన సామాను కమీషన్ వదులుకున్నాడు కదా. ఇంకా వీలైతే, బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడతారా అని అడగండి. నలుగురు అడిగితే అయిదో రోజున అతనే కొంటాడు. అదేమంత విమానం ఖరీదు కాదు.

నా వంతుగా ఈ సంక్రాంతి తర్వాత షాపు ముందు రేట్ల బోర్డు పెట్టాను. ఆటోనగర్‌లో లేతు షాపుకు రేట్ల బోర్డేమిటని పక్క షాపుల వాళ్లు నవ్వారు. పెద్ద అక్షరాలతో రాయించాను: బోల్టు రంధ్రానికి మర, చేతిపని 350. ప్లగ్గు రంధ్రానికి బుష్, చేతిపని 1,050. కాయిల్, గన్‌మెటల్ ఖరీదు విడిగా. కనీసం ఏది సామానో ఏది పనో జనానికి తెలియాలని. బోర్డు పెట్టిన రోజు సాయంత్రమే నూజివీడు నుంచి ఒక కుర్రాడు మోటారుసైకిల్ మీద వచ్చి, దాన్ని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి, లోపలికి వచ్చాడు.

"బాబాయ్, కాయిల్ నేనే తెచ్చుకుంటే ఎంత తగ్గిస్తావ్?"

"ముప్పై రూపాయలు," అన్నాను.